అరిగిన గేజి

గద్వాలలోని ఒక లేత్ షాపులో ఈదమ్మ పని, పంపు ఇరుసు దూరే బుష్షుల రంధ్రాల్లో ఉక్కు గేజి, అంటే కొలత కడ్డీ, పెట్టి చూడడం. దాని సన్న కొస దిగాలి, లావు కొస దిగకూడదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పెట్టడం, తిప్పడం, తీయడం. పదకొండేళ్లుగా అదే గేజి.

ఇరుసు దూరడం లేదని ఇవాళ బుష్షులన్నీ వాపసు వచ్చాయి. యజమాని బాలకృష్ణ కొత్త గేజి తెప్పించి పెట్టి చూస్తే ఒక్కదాంట్లోనూ సన్న కొస దిగలేదు.

"చూస్తున్నవా, నిద్రపోతున్నవా?" అని కసిరాడు.

"పాత గేజి అరిగి సన్నగైంది సేటూ. అది దిగుతుంటే బాగున్నయనుకున్న."

"ఉక్కు యాడన్న అరుగుతదా?"

ఈదమ్మ గేజి పట్టే బొటనవేలు అతని ముందు చాచింది.

"జర ఈ ఏలు సూడు సేటూ. రేషన్ షాపు మిషన్ల దీని ముద్ర పడక మూడు నెలలాయె."