నెలవంక చెక్కుడు

తైచుంగ్ ఊరి చివర యంత్రాల కార్ఖానాలో పని నేర్చుకుంటూ రెండేళ్లు ఇనుము చెక్కింది యీ-చున్. ఉలి పిడిని పొత్తికడుపుకి ఆనించి, ఒళ్లంతా ముందుకి తోస్తూ చెక్కాలి. అక్కడ కమిలిన నలుపు ఎన్నాళ్లకీ వదల్లేదు. అయినా లాయ్ గురువుగారు "అదీ దెబ్బ!" అన్నారంటే చాలు, ఆ పూట పందిమాంసం అన్నం రెండు డబ్బాలు లాగించేది. ఇనుప దిమ్మల మీద వరసగా నెలవంకల్లాంటి గీతలు దించడంలో చెయ్యి తిరిగిపోయింది. యంత్రాలు కొనడానికొచ్చినవాళ్లు అద్దం అవతల నిలబడి ఫోటోలు తీసుకునేవాళ్లు.

శిక్షణ ముగిసే వారం, పెద్ద కార్ఖానాలో ఉద్యోగం కోసం పరీక్షకి వెళ్లింది. అక్కడ ఇచ్చిన గరుకు దిమ్మని ఆమె చెక్కాక, పెద్దాయన దాన్ని నీలిరంగు పూసిన బండ మీద బోర్లించి, రుద్ది తిప్పాడు. దిమ్మ సమంగా ఉంటే నిండా నీలి చుక్కలు పడాలి. రెండు మూలల్లో రెండు మరకలు పడ్డాయి, అంతే.

"గీతల కుట్టుపని బాగుంది తల్లీ. సమంగా ఉందో లేదో ఎప్పుడైనా చూసుకున్నావా?"

"అది తర్వాత నేర్పుతానన్నారు మా గురువుగారు."

"ఎవరమ్మా ఆ మహానుభావుడు?"

గురువు పేరు ఆమె చెప్పలేదు. తలొంచుకుని వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే లాయ్ ముందు నిలబడింది.

"గురువుగారూ, నాకిచ్చిన దిమ్మలు ముందే సమం చేసినవా?"

లాయ్ టీ కప్పు కింద పెట్టాడు. "యంత్రం మీద సాపు చేసినవే. పైన గీతలుంటే చేత్తో చెక్కి సమం చేసిందనుకుని కొనేవాడు మురిసిపోతాడు. నీకు అంతవరకే నేర్పమన్నాడు యజమాని."

"మీకు అసలు పని వచ్చుగా?"

"ముప్పై ఏళ్ల పని, రాకేం? నీకూ నేర్పితే సగం జీతానికి నిన్ను నా కుర్చీలో కూర్చోబెడతారు."

"అడిగినప్పుడల్లా, నీ చెయ్యి ఇంకా కుదరలేదే అనేవారు."

"అన్నాను."

చెయ్యి కుదరలేదన్నందుకు ఎన్ని ఆదివారాలు ఒంటరిగా వచ్చి చెక్కిందో! తన చెయ్యినే తిట్టుకుంది గాని, ఆయన్ని ఒక్కనాడూ అనుమానించలేదు.

లాయ్ శిక్షణ పత్రం తీసి, అడుగున సంతకానికి బదులు తన పేరు ముద్ర ఎర్రగా వేశాడు. 'నేర్పిన పని' అన్నచోట ఖాళీ వదిలాడు.

"నీకేది పనికొస్తుందనుకుంటే అది రాసుకో. ఇంతకంటే ఎవరు చేస్తారే?"

యీ-చున్ కలం అందుకుని నిలబడే రాసింది. 'నెలవంకలు గీయడం నేర్పారు. సమం చేయడం అడిగినా నేర్పలేదు.'

లాయ్ కాగితం కోసం చెయ్యి చాచాడు. "పిచ్చిదానా! ఇది చూసి నీకెవడు పనిస్తాడు? యజమాని చూస్తే నా గతేంటి? ఇటివ్వు!"

ఆమె కాగితాన్ని ఆయనకి అందనంత దూరంలో పట్టుకుంది.

"ఆగండి, ముద్ర ఇంకా ఆరలేదు" అని, దాని మీద మెల్లగా ఊదింది.