పెనుకొండ బస్టాండులో ప్రయోగం

నిర్మల చాలా బాగా పడిపోయింది. పెనుకొండ బస్టాండు కిక్కిరిసి ఉన్న పొద్దుటి వేళ, కళ్లు తేలేసి, బ్యాగు ఒకవైపు, చెప్పు ఇంకోవైపు. అంత బాగా పడుతుందని నేర్పించిన ప్రమోద కూడా అనుకోలేదు.

ఇద్దరూ హిందూపురంలో సైకాలజీ ఎమ్మే చదువుతున్నారు. చుట్టూ మంది ఎక్కువయ్యేకొద్దీ, పక్కవాడు చూసుకుంటాడులే అని ప్రతివాడూ ఊరుకుంటాడని పుస్తకం చెబుతుంది. అది మన దగ్గర నిజమా కాదా తేల్చడమే ప్రమోద ప్రాజెక్టు. హిందూపురంలో చేస్తే తెలిసినవాళ్లు ఎదురవుతారు. ప్రమోద సొంతూరు ధర్మవరంలో అయితే సగం బస్టాండు చుట్టాలే. అందుకని మధ్యలో ఉన్న పెనుకొండ.

పుస్తకంలో ఉన్నట్టే జరిగింది. జనం నిర్మలను చూశారు, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ కదలడం లేదు కాబట్టి పెద్ద విషయమేమీ కాదనుకున్నారు. ఒకాయనైతే కాళ్లకు అడ్డమొస్తోందని అటు జరిగి కూర్చున్నాడు. స్తంభం చాటున నిలబడి చూస్తున్న ప్రమోదకు, సిగ్గులేకుండా, సంతోషం వేసింది. లేచి వచ్చింది ఒక్క ఖైరున్‌బీ, ఉడకబెట్టిన చెనిక్కాయలు అమ్ముకునే ముసలామె. ఆమె నిర్మల తలను ఒళ్లో పెట్టుకుని నీళ్లు చల్లేలోపు, ఒక ఆవు వచ్చి ఆమె గంపలో మూతి పెట్టింది.

ప్రయోగం అయిపోగానే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, ఇది నటన అని చెప్పి, నొచ్చుకోవద్దని కోరాలి. గైడు ఈశ్వరప్ప సార్ ఆ మాట చెప్పీ చెప్పీ అలిసిపోయాడు. ప్రమోదకు అంత ఓపిక ఎక్కడిది? బెంచీ ఎక్కి అందరికీ ఒకేసారి చెప్పేసింది. మీలో సాయానికి వచ్చింది ఈ అవ్వ ఒక్కతే అని కూడా అంది. ఆ రెండో మాట ఎవరడిగారు? జనం తలలు దించుకున్నారు. ఖైరున్‌బీ మాత్రం నవ్వింది.

"బిడ్డకేమీ కాలే గదా, అంతే సాలు" అంది.

వారం తర్వాత ప్రమోద ఒక్కతే మళ్లీ వచ్చింది. ఆ రోజు ఎందుకు లేవలేదో అడిగి రాసుకోవాలి. రోజూ బస్టాండులోనే ఉండేవాళ్లు ఎక్కడికి పోతారు, అందరూ దొరికారు.

"మాకప్పుడే తెలుసు మేడం, నాటకమని" అన్నాడు ఆటో నడిపే నరసింహ. "నిజంగా పడేటోళ్లు అట్ల పడరు."

పూలమ్మే మారెమ్మదీ అదే మాట. అవమానపడ్డ మనిషి, తనకు ముందే తెలుసని చెప్పుకుంటాడు కదా అని ప్రమోద లోపల నవ్వుకుంటూ రాసుకుంది.

అప్పుడే ఖైరున్‌బీ గంప ఎత్తుకోబోయి పక్కకు ఒరిగిపోయింది. చెనిక్కాయలు నేలంతా చిందాయి.

"ఇంకొకటి మొదలుపెట్టినారబ్బా!" అని నరసింహ గట్టిగా నవ్వాడు. "ఈసారి మేం మోసపోం."

అందరూ ప్రమోద వైపు చూశారు. ఆమె కదిలితే కదులుదామనే చూశారు. ప్రమోద కదల్లేదు. నిర్మల తనకు చెప్పకుండా ముసలామెకు నేర్పించి ఉంటుందని, తనను ఆట పట్టిస్తోందని అనుకుంది. ఎక్కడో చాటున ఫోను పట్టుకుని ఉంటుందని స్తంభాల వెనక వెతికింది. నవ్వు కూడా వచ్చింది. ఆ నవ్వు చూసి జనం నిశ్చింతగా కూర్చున్నారు.

అంతలో రొద్దం బస్సు వచ్చి ఆగింది. కండక్టరు సాల్మన్‌కు వారం కిందటి నాటకం సంగతి తెలియదు.

"ఏమప్పా, మనిషి పడిపోయింటే సూస్తా కూసున్నారా!" అని అరుస్తూ దూకాడు.

ముసలామె నోటి పక్క నుంచి నురగ కారుతోంది. అప్పుడు అందరూ పరిగెత్తారు. ఆ అందరిలో ప్రమోద ఒకతి.

షుగరు పడిపోయిందని, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని ఆసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. ప్రమోద గోడవైపు తిరిగింది. ఇంత సిగ్గు ఆమె ఎప్పుడూ ఎరగదు. జనం ఎందుకు లేవరని అడగడానికి వచ్చి, లేవకుండా ఎలా ఉండాలో తానే వాళ్లకు చూపించింది. తన మొహం తనకే చూడబుద్ధి కాలేదు.

సాయంత్రానికి ఖైరున్‌బీ కళ్లు తెరిచింది. పక్కన ప్రమోదను చూసి చెయ్యి పట్టుకుంది.

"పడేటప్పుడే అనుకుంటి బిడ్డా, అందరూ నాటకమే అనుకుంటారని. నిజంగానే అని అరుద్దామంటే నోరు రాల్యా."

ప్రమోద రెండో చేత్తో ఆమె దుప్పటి సర్దింది.

"అయినా భయం లేకపాయ. నువ్వు ఆడే ఉండావు గదా. ఏది నాటకమో ఏది కాదో నీకు తెలుస్తాది. అందరికన్నా ముందు నువ్వే వచ్చింటావు."

అవునంటే సరిపోయేది. కాదనేవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

"రాలేదవ్వా" అంది ప్రమోద. "నేనూ నాటకమే అనుకున్యా. నిలబడి నవ్వినా."

ఖైరున్‌బీ తిట్టలేదు. పట్టుకున్న చెయ్యి మెల్లగా వదిలి, తన చేతిని దుప్పటి కిందికి తీసుకుంది.