నీళ్లు లాగని చీర

నేను ఊళ్లో లేనప్పుడు మా ఇంట్లో ఇంకో ప్రాణం పోతుందేమోనన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద భయం. ఆ మాటే మా అత్త సింహాచలంతో చెబుతున్నాను. ఆమె పోయి పద్నాలుగు నెలలయిందని నాకు తెలుసు, అయినా కొంగు నడుముకు బిగించి నా ముందు చరచరా నడుస్తున్న మనిషికి ఆ సంగతి గుర్తుచేయడం మర్యాద కాదనిపించి ఊరుకుంటున్నాను. మేము నడుస్తున్నది విజయనగరంలో మా అద్దింటి డాబా మీదే, కానీ పిట్టగోడ ఉండాల్సిన చోట ఆసుపత్రి మంచాల వరస ఉంది, మంచానికొకటి చొప్పున ఖాళీ రంగు డబ్బాలు, వాటిలో అత్త చేత్తో నాటిన సన్నజాజి, కరివేపాకు, మరువం, ఒక్కో కొమ్మకీ మా పాప చేతికి కట్టినట్టే పేరు రాసిన పట్టీ.

అత్త మరువం డబ్బాని ఎత్తి, పిల్లల్ని తూచే కాటా మీద పెట్టి, కళ్లు చికిలించి చూస్తుంది. "పదహారొందల గ్రాములు. నీ గుంట బరువే."

"పాప ఇంకో యాభై పెరిగిందత్తా."

"ఇది తరుగుతోంది. నీల్లు పెట్టకుండా ఎలగొచ్చేసేవే?"

"పెట్టే వచ్చాను," అంటాను, నా గొంతు నాకే దూరంగా వినిపిస్తుంది. బీపీ ఎక్కువైందని, విశాఖ వెళ్లి చేరమని డాక్టరమ్మ చెప్పిన సాయంత్రమే, అత్త ఊరెళ్లే ముందు చేసే పద్ధతిలోనే, డాబా మధ్యన పెద్ద బకెట్టు నిండా నీళ్లుంచి, చీర పీలికలు చించి, ఒక కొస నీళ్లలో వేసి రెండో కొస ఒక్కో డబ్బా మట్టిలో గుచ్చాను, గుడ్డ నీళ్లు లాగి మట్టికిస్తుందని. కింది వాటాలో ఒంటరిగా ఉండే సూరీడమ్మ పిన్ని రెండ్రోజులకోసారి బకెట్టు నింపితే చాలనుకున్నాను. నెలలు నిండకుండానే పాప పుట్టింది, నాలుగు రోజులనుకున్నది ఇరవై రెండు రోజులయింది, మా ఆయన లారీ మీద ఒడిశా అవతల ఉన్నాడు.

అత్త ఒక పీలికను వేళ్ల మధ్య నలిపి చూస్తుంది. "ఇది ఏ సీరే?"

"నాదే. నీలం పూలది."

"పోలిస్టరే ఇది! వానలో నిలబెట్టినా తడవదు. ఇది నీల్లు లాగుతాదేటి? తొమ్మిదో తరగతి దాకా సదివేవు, నూలుకీ దీనికీ తేడా తెల్దా?"

"తెలుసు. నూలు చీర ఇంట్లో నీదొక్కటే ఉంది. చించబుద్ధి కాలేదు."

అత్త పకపకా నవ్వుతుంది, ఆ నవ్వుకి మంచాలన్నీ కాస్త పక్కకి జరుగుతాయి. "సచ్చినదాని సీర పెట్టిలో దాసి, బతికున్నోటి నోరు కట్టేవు. బాగుందే పైడీ, సానా బాగుంది."

నాకూ నవ్వొస్తుంది, కానీ అంతలోనే మేము డాబా మెట్ల మీద ఉన్నాం, దిగుతున్న కొద్దీ మెట్లు కింద పుట్టుకొస్తూనే ఉన్నాయి, అన్నీ తడిగా ఉన్నాయి.

"మరి ఇన్నాల్లూ మొక్కలకి నీల్లెలగ అందుతన్నాయి?"

"గుడ్డలు లాగట్లేదని పిన్నే చెప్పింది. చెంబుతో పోస్తోంది."

"రోజూ ఎక్కుతోందా? ఆ నొప్పి మోకాలితోటే?"

నేను గోడ పట్టుకుని ఇంకో తడి మెట్టు దిగుతాను.

"ఎప్పుడు మాటాడేవు దాంతోటి?"

"నాలుగు రోజులయింది. మొక్కలెలా ఉన్నాయో అడుగుదామని రోజూ చేస్తున్నాను, స్విచ్చాఫ్ వస్తోంది. చార్జింగు అయిపోయుంటుందిలే అని..."

ఇదివరకూ ఇదే మాట అనుకున్నాను. బొబ్బిలిలో మా చిన్నాన్న కూతురి పెళ్లికెళ్లినప్పుడు అత్త ఫోను పలక్కపోతే చార్జింగు లేదనుకుని, పక్కవాళ్లని అడగడానికి మొహమాటపడి, రెండో రోజు తిరిగొచ్చి తలుపు పగలగొట్టించాను.

"అత్తా, ఆ రోజు నన్ను పిలిచావా?"

"పిలిసే ఉంటాను. ఇప్పుడు దానికి నువ్వేటి సేస్తావు? సేయగలిగింది సెయ్."

"అయితే నేను బయల్దేరతాను."

"గుంటనొగ్గేసా? నీ జాగాలోంచి కదిలేవంటే ఊరుకోను. నోరుంది కదా, అడుగు. ఎవులు కనిపిస్తే వాల్లని అడుగు."

"ఆ వీధిలో మమ్మల్ని ఎరిగినవాళ్లు తక్కువ. ఏమనుకుంటారో..."

అత్త మెట్టు మీద ఆగి, నా వైపు తిరుగుతుంది. కోపం లేదు ఆ మొహంలో. "అప్పుడూ సిగ్గుపడ్డావు. ఇప్పుడూ పడతావేటి?"

"పడను," అంటాను. చాలా గట్టిగా అంటాను. "పడనత్తా."

ఆ కేకకి నాకే మెలకువ వచ్చింది. వార్డులో మధ్యాహ్నపు ఎండ గచ్చు మీద పరుచుకుని ఉంది. పాప నా గుండెకి అతుక్కుని నిద్రపోతోంది, ఇద్దర్నీ కలిపి కట్టిన ఆసుపత్రి నూలు గుడ్డలోకి నా పాలు ఊరి, తడి మెల్లగా పైకి పాకి, భుజం మీది ముడి దాకా ఎక్కింది.

పిన్నికి మళ్లీ ఫోన్ చేశాను, అదే స్విచ్చాఫ్. ఇంటి ఓనరు ఎత్తలేదు. మా ఆయన రావడానికి రెండు రోజులు పడుతుంది. నేను పాపని వదిలి కదలను. అందుకే ఒక చేత్తో ఇది రాసి, నాకు తెలిసిన ప్రతి గ్రూపులోనూ పెడుతున్నాను.

విజయనగరంలో, పాల డిపో వెనక సందు, పచ్చ గేటు ఇల్లు, కింది వాటా. మీలో ఎవరైనా దగ్గర్లో ఉంటే ఇప్పుడే వెళ్లి సూరీడమ్మ పిన్ని తలుపు కొట్టండి. పలక్కపోతే పక్కవాళ్లని పిలిచి తలుపు తీయించండి, నా పేరు చెప్పండి, పైడిరత్నం చెప్పిందనండి. మొక్కల్ని చూడకపోయినా పర్వాలేదు. డాబా మెట్లు మాత్రం ఒకసారి చూడండి.