ముఖ్య అతిథి మెడలో మువ్వన్నెల ట్యాగు

నేను ఒక ట్యాగుని. అరచెయ్యంత పొడవు, మూడు వేళ్ళ వెడల్పు. బట్టల కొట్లో చీరకి వేలాడుతూ ధర చెప్పే అట్టముక్క మా వంశంలోదే. నా మీద మాత్రం ధర ఉండదు, దేశభక్తి ఉంటుంది.

నేను పుట్టింది తణుకులో ఒక ప్రైవేటు బళ్ళో, ఆగస్టు పన్నెండో తారీఖున, మెట్ల కింద గదిలో. ఆ గదిలో సగం విరిగిన బెంచీలవి, మిగతా సగం డ్రాయింగు మాస్టారు గవర్రాజు గారిది. నా పుట్టుకకి కారణం కళ కాదు, బడి యజమాని అయిన కరస్పాండెంటు గారి సెల్‌ఫోను. అందులో ఎవరో దొరసాని ఎర్ర, తెల్ల, నీలి కాగితాలు అతికించి, చుక్కలు చల్లి ఒక ట్యాగు చేస్తోంది.

"ఇదిగో మాస్టారూ, ఇలాంటిది కావాలి. పదిహేనో తారీఖున గెస్టు గారి మెళ్ళో వేద్దాం. బజార్లో కొన్న బ్యాడ్జీ అయితే ఏం గొప్ప?" అన్నారాయన.

"ఇది వాళ్ళ జెండా అండి."

"రంగులు మార్చండి. మిగతాదంతా దింపెయ్యండి. ఆ చుక్కలు కూడా బావున్నాయి."

"మన జెండాకి చుక్కల్లేవండి."

"లేకపోతే పెట్టుకోవాలి కదండీ." వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి మరో మాట అన్నారు. "ఆయన సంతోషపడితే శుక్రవారం మీ డ్రాయింగు పిరియడు ఈ ఏడాదికి ఉంటుంది. లేదంటే ఆ గంట కూడా లెక్కల కోచింగుకి ఇమ్మని తల్లిదండ్రులు నన్ను తినేస్తున్నారు."

వారానికి ఆ బళ్ళో పిల్లలు తలెత్తి కిటికీలోంచి చూసే గంట అదొక్కటే. మాస్టారికి ఇంటి గోడల మధ్య కాకుండా మనుషుల మధ్య గడిచే గంటలు కూడా దాని చుట్టూనే ఉన్నాయి. అందుకని ఆయన సరేనన్నారు. చుక్కలు మాత్రం పెట్టలేదు.

చెప్పుల పెట్టె అట్ట నా ఎముక. దాని మీద మైదా పిండితో పాత పత్రిక కాగితం అతికించి, టీ డికాషన్ పూసి ఎండబెట్టారు. పైన కాషాయానికి చీర చెంగు ముక్క వచ్చింది. అది ఆయన భార్య మంగతాయారు గారిది. ఆవిడ పోయి నాలుగేళ్ళు. మధ్య తెలుపుకి గాజుగుడ్డ. ఆకుపచ్చకి మాత్రం ఉత్త రంగే, ఆవిడకి ఆకుపచ్చ చీర లేదట. గాజుగుడ్డ మీద గుండ్రంగా కత్తిరించిన కాగితం, దాని నడుమ ఆవిడ బొత్తాల డబ్బాలోంచి ఏరిన చిన్న నీలి బొత్తాం. ఆ బొత్తాం చుట్టూ ధర్మచక్రం ఆకులు గీశారు. ఆవిడ ఉన్న రోజుల్లో ఆయన జెండా గీస్తే ఆకులు లెక్కపెట్టే పని ఆవిడది. ఇప్పుడు ఆయనే రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. ఇరవైనాలుగు. కాషాయం వైపు బెజ్జం చేసి జనపనార ముడి వేశారు. చూసుకుని, ఎవరూ లేకపోయినా "బావుంది కదూ" అన్నారు.

బావున్నదాన్ని బావున్నట్టు ఉంచడం మనుషుల చేత కాదు. నన్ను ఆఫీసు గదిలో అప్పగించగానే గుమాస్తా సోమేశం గారికి నా మీద గౌరవం పుట్టుకొచ్చింది. ఆ బళ్ళో గౌరవం పుడితే లామినేషన్ చేస్తారు. సర్టిఫికెట్లు, టైంటేబులు, దేవుడి పటం, ఆఖరికి 'చెప్పులు ఇక్కడ విడువరాదు' అన్న కాగితం కూడా ఆ మిషన్లోంచి బయటికొచ్చినవే. జనపనార ముడి అడ్డమొచ్చిందని కత్తిరించి, నన్ను రెండు ప్లాస్టిక్ పొరల మధ్య పెట్టి మిషన్లోకి తోశారు. నా బొత్తాం పటుక్కుమంది. బెజ్జం మూసుకుపోయింది. ఇప్పుడు కొత్త బెజ్జం కావాలి. కాషాయం వైపు చీరగుడ్డ మందానికి పంచింగ్ మిషను దిగలేదు. ఆకుపచ్చ వైపు పల్చగా, ఎంతో అనుకూలంగా ఉంది. ఆయన అటు పొడిచి, ఐడీ కార్డు తాడు కొక్కెం తగిలించేశారు.

పదిహేనో తారీఖున జెండా ఎగిరింది. ముఖ్య అతిథి గారు రైసు మిల్లు యజమాని, బడికి కొత్త గేటు పెట్టించిన దాత. కరస్పాండెంటు గారు నన్ను ఆయన మెళ్ళో వేశారు. ఆకుపచ్చ పైకి, కాషాయం కిందకి. స్తంభం మీద ఒక జెండా నిటారుగా, ఆయన పొట్ట మీద ఒక జెండా తలకిందులుగా.

ఆరువందల మంది పిల్లలు చూశారు. మాస్టారూ చూశారు. ఊరుకుంటే శుక్రవారం దక్కుతుంది. ఆయన జేబులోంచి వృత్తలేఖిని తీసుకుని వేదిక వెనకనుంచి ఎక్కారు.

"ఒక్క నిమిషం అండి," అంటూ ముల్లుతో నా పాత బెజ్జం తెరిచి, కొక్కెం అటు మార్చారు. నా ప్రాణం కుదుటపడింది.

అతిథి గారు తల వంచి నన్ను చేత్తో పైకెత్తి చూసుకున్నారు. అలా చూస్తే ఆయన కంటికి ఆకుపచ్చ పైన ఉంది.

"ఏవయ్యా, జెండా తిరగేశావేంటి? ఇందాకా బానే ఉంది కదా."

"తమకి అలా కనబడుతుందండి. ఎదురుగా ఉన్న పిల్లలకి ఇదే సరైందండి."

"మెళ్ళో వేసుకుంది నేనా, పిల్లలా?"

కరస్పాండెంటు గారు పరుగున వచ్చారు. "మాస్టారూ, ముందున్నట్టే పెట్టెయ్యండి."

"నా చేత్తో పెట్టలేనండి," అన్నారు మాస్టారు, మంచినీళ్ళు వద్దన్నంత మెల్లగా. వృత్తలేఖిని జేబులో పెట్టుకుని మెట్లు దిగిపోయారు.

సోమేశం గారు నన్ను మళ్ళీ తిరగేశారు. అతిథి గారు ఒకసారి వంగి చూసుకుని, తృప్తిపడి, జెండాని ఎలా గౌరవించాలో నలభై నిమిషాలు చెప్పారు. దేశంలో నన్ను నిటారుగా చూస్తున్న మనిషి ఆయనొక్కడే.

ఐదో నిమిషంలో అనుకుంటాను, ముందు వరసలో ఒక పిల్ల తల పక్కకి వాల్చి చెవి భుజానికి ఆనించింది. పక్కపిల్ల వాల్చింది. వరసకి వరస వాలింది. కాషాయం పైన ఉండాలని శుక్రవారాలు నేర్చుకున్న తలలవి. చివర్న ఒకడు వంగి కాళ్ళ సందులోంచి చూసి పీఈటీ సారు చేత తన్నులు తిన్నాడు. పిల్లలు తన మాటలకి మైమరిచిపోయారనుకుని అతిథి గారు ఇంకో పది నిమిషాలు పెంచారు.

సోమవారం టైంటేబులు మారింది. శుక్రవారం ఆఖరి గంటలో 'లెక్కలు' అని రాసి, దాన్నీ లామినేషన్ చేశారు.

అప్పటికే నేను మాస్టారి ఇంట్లో ఉన్నాను. వేదిక కింద బంతిరేకులూ లడ్డూ కాగితాల మధ్య పడి ఉంటే ఆయనే ఏరుకున్నారు. బ్లేడుతో ప్లాస్టిక్ అంచులు కోసి, పుండు మీద కట్టు విప్పినట్టు విప్పారు. చీరగుడ్డ ఒక మూల చిరిగింది. చక్రం దక్కింది. లెక్కపెట్టారు, ఇరవైనాలుగూ ఉన్నాయి. ఆ రాత్రి ఆయన అన్నం తిన్నది అందుకేనని నా నమ్మకం.

విరిగిన బొత్తాం మాత్రం మార్చాలి. డబ్బాలో దాని జోడు లేదు. శుక్రవారం ఆ గంటకి వేరే పని లేదు కదా, నన్ను చొక్కా జేబులో పెట్టుకుని బజారుకి బయల్దేరారు. బొత్తాల కొట్టావిడ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "ఒక్కటి అమ్మమండి, డజను తీసుకోవాలి," అంది. మళ్ళీ ఏమనుకుందో, "సర్లెండి, జెండాకి కదా," అని నీలి బొత్తాం ఒకటి కాగితంలో చుట్టి ఇచ్చింది.

కొట్టు దిగేసరికి బడి వదిలేశారు. ఎదురుగా ఆ ముందు వరస పిల్ల, అమ్మ చెయ్యి పట్టుకుని వస్తోంది. జేబులోంచి పైకి కనబడుతున్న నా కాషాయం వైపు చూసింది, మాస్టారి వైపు చూసింది. నమస్కారం పెట్టలేదు. తల పక్కకి వాల్చి చెవి భుజానికి ఆనించింది.

"ఏవైందే, మెడ పట్టేసిందా?" అంది వాళ్ళమ్మ.

నడిబజార్లో, యాభై ఎనిమిదేళ్ళ గవర్రాజు మాస్టారు కూడా తల పక్కకి వాల్చారు.