వేలెత్తని మనిషి

“ఇది ఊడిపోయింది కాదమ్మా, ఎవరో చేత్తో తీసేశారు,” అన్నాడు డార్సీ, మా వ్యాను ముందు సీటు ఎత్తి, దాని కింది ఇంజన్లోకి టార్చి కొట్టి చూపిస్తూ.

డార్సీ సెడ్యూనా నుంచి వచ్చిన టో బండి మనిషి. ఐదు రోజుల కిందట స్ట్రీకీ బేలో మా బండి మొరాయిస్తే సెడ్యూనా దాకా మోసుకెళ్ళింది కూడా అతనే. అతను చూపించిన చోట, నల్లటి మూత లోపల, బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క ఉండాలి. దాన్ని రోటర్ అంటారు. అది లేకపోతే ఇంజను తిరుగుతుందే గాని అంటుకోదు. ఇప్పుడక్కడ ఖాళీ. మూతకున్న రెండు క్లిప్పులు మాత్రం పద్ధతిగా బిగించి ఉన్నాయి.

“దొంగైతే మూత మళ్ళీ పెట్టి పోతాడా?” డార్సీ గొంతు తగ్గించాడు. “పోయినసారి వైరు కూడా అంతే. తెగలేదు, ఎవరో లాగేశారు. మీకెవరితోనైనా తగాదా ఉందా?”

“తగాదా పడ్డానికి మాకు మనుషులేరీ? నలభై ఆరేళ్ళు ఆవుల మధ్య బతికాం.”

అబద్ధం కాదు. కోలాక్ దగ్గర మాది పాల ఫారం. తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి పాలు పిండాలి. ఆవుకి ఆదివారం తెలియదు, పండగా తెలియదు. ఈ వ్యాను ఎనభై ఆరులో కొన్నాం, మేబెల్ అని పేరు కూడా పెట్టాం. దక్షిణ తీరం పొడుగునా, పడమటి కొసన ఆల్బనీ దాకా తీసుకెళ్తానని మా ఆయన బెవన్ అప్పుడే మాటిచ్చాడు. తర్వాత మేబెల్ షెడ్లోనే ముసలిదైంది. అందులో కోళ్ళు గుడ్లు పెట్టుకున్నాయి. ఈ ఏడు మందను మేనల్లుడికి అప్పగించి, కోళ్ళను దింపి, మేం ఎక్కాం.

బయల్దేరి పదహారు రోజులు. ఎలిస్టన్‌లో ఫ్యూజు మాయమైతే స్ట్రీకీ బే దాకా టో మీదే వెళ్ళాం. స్ట్రీకీ బేలో వైరు మాయం. ఇప్పుడు పెనోంగ్ అనే ఊరి దగ్గర ఈ బీచ్ క్యాంపులో రోటర్. ఇక ముందున్నది నల్లార్‌బార్ ఎడారి మైదానం. వెయ్యి కిలోమీటర్లకు పైగా ఒకటే రోడ్డు, రైలంత పొడుగు లారీలు. ఇవాళ రోటర్ తీసినవాడు రేపు బ్రేకు పైపు మీద చెయ్యి వెయ్యడని ఏమిటి? ఎవడో తెలియకుండా నేను ఆ రోడ్డెక్కదలచుకోలేదు. నేనే నడుపుదామంటే నా ఎడమ మోకాలు లోహంది. మేబెల్ క్లచ్ తొక్కితే నా పని ముగిసినట్టే.

బెవన్ తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. “టో ఎక్కిద్దామా?”

“అక్కర్లేదు. రేపు పొద్దున బస్సులో కొత్త రోటర్ వస్తుంది. పదకొండింటికల్లా తెచ్చి ఇక్కడే బిగిస్తా. మధ్యాహ్నానికి మీరు రోడ్డు మీదుంటారు.”

సంతోషించాల్సిన బెవన్ మొహం వాడిపోయింది. “టో అయితేనే మంచిది కదా. యూక్లా దాకా...”

“యూక్లా దాకానా? నాలుగొందల కిలోమీటర్లు!” డార్సీ నవ్వాడు. “నాకు ఇంటి దగ్గర పెళ్ళాం ఉంది గురూ.”

బెవన్ నవ్వలేదు.

సాయంత్రం ఐదింటికి క్యాంపులో కుర్చీలు వేశారు. తీరం పొడుగునా ఇదే ఆచారం. ఎవరి కుర్చీ వాళ్ళది, ఎవరి గ్లాసు వాళ్ళది, కబుర్లు మాత్రం అందరివీ. నా కళ్ళు క్లారీ మీదే ఉన్నాయి. అతనిది తెల్ల వ్యాను, పైన బోర్లించిన నీలం పడవ. భార్య పోయి మూడేళ్ళట. ఎలిస్టన్‌లో మా పక్కన ఆగింది ఇతనే. స్ట్రీకీ బేలోనూ ఇతనే. సెడ్యూనాలో మేం రిపేరుకి ఆగితే ఇతనూ ఆగాడు. తెల్లారకముందే గాలం పట్టుకుని తిరుగుతాడు, అంటే మేం నిద్రలో ఉండగా మేలుకుని ఉండే మనిషి.

“రేపు ఎన్నింటికి బయల్దేరతారు?” అన్నాడు క్లారీ, ఊరికే అడిగినట్టు.

“మీరెన్నింటికి?” అన్నాను.

“మీరు వెళ్ళాక.”

“మా ఆవిడకి మీరంటే అనుమానం,” అన్నాడు బెవన్. “మీరు ఫ్యూజులు తింటారనుకుంటోంది.”

అందరూ నవ్వారు. క్లారీ నవ్వకుండా బెవన్ కళ్ళలోకి చూశాడు. అలా చాలాసేపు చూశాడు. బెవన్ చూపు తిప్పుకోలేదు, రెప్ప కూడా వెయ్యలేదు. ఇద్దరికీ మధ్య నాకు తెలియని సంగతి ఏదో ఉందనిపించింది.

పక్కెక్కాక ఇంకో అనుమానం మొదలైంది. అది బెవన్ మీద. ఈ రోడ్డు మీద ఎదురొచ్చే ప్రతి వ్యానుకీ స్టీరింగ్ మీంచి చూపుడువేలు ఎత్తాలి. అది పలకరింపు. ఎత్తనివాణ్ణి పొగరుబోతంటారు. మా ఊళ్ళో పాల లారీలకీ, స్కూలు బస్సులకీ, చివరికి పోట్లాడుకున్న పక్క ఫారం వాడికీ వేలెత్తిన మనిషి బెవన్. ఈ ప్రయాణంలో ఒక్కరికీ ఎత్తలేదు. అడిగితే, “వేళ్ళు నొప్పోయ్, పాలు పిండిన వేళ్ళు,” అన్నాడు. మంద మీద బెంగ అనుకున్నాను. బెంగపడ్డ మనిషి ఇంటికి తిరిగిపోవాలనుకుంటే ఏం చేస్తాడు? మిల్కింగ్ మెషీను చీకట్లో విప్పి బిగించగల చేతులవి. ఆ క్లిప్పులు బిగించిన తీరే నన్ను నిద్రపోనివ్వలేదు.

తెల్లారాక, మొదట క్లారీ సంగతి తేల్చుకుందామని వెళ్ళాను. పడవ చెక్క మీద చేప పొలుసు తీస్తున్నాడు.

“మా వెనకాల ఎందుకు పడ్డారు?”

కత్తి ఆగింది. బుకాయిస్తాడనుకున్నాను.

“పడ్డమాట నిజమే,” అన్నాడు. “మీ బండిలో వస్తువులు పోవడం సంగతి మాత్రం నాకు తెలియదు.”

“అయితే ఎందుకు?”

“ఎలిస్టన్ చేరకముందు, కాఫిన్ బే దారి గుర్తుందా? నేను ఎదురొస్తున్నాను. మీ ఆయనకి వేలెత్తాను. జవాబు లేదు. సరే, పొగరనుకున్నాను. ఈలోగా మీ బండి తెల్లగీత దాటి నా మీదికొచ్చింది. హారను కొట్టాను. కంకర్లోకి దిగిపోయాను. పడవ తాళ్ళు తెగాయి. మీ ఆయన నా వైపే చూస్తున్నాడు గ్లెనిస్. తిన్నగా నా మొహంలోకి. ఇంత బండీ, పైన పడవా, ఆయనకి కనిపించలేదు.”

నాకు గుర్తుంది. మ్యాపు మీద తలవంచి ఉన్నాను. బండి ఒక్కసారిగా ఊగింది, ఫ్లాస్కు కింద పడింది. కంగారూ అడ్డమొచ్చిందన్నాడు బెవన్.

“నాకెందుకు చెప్పలేదు?”

“ఎలిస్టన్‌లో చెబుదామనే బండి వెనక్కి తిప్పుకుని వచ్చి మీ పక్కన ఆగాను. మీరేమో ఆల్బనీ గురించి చెప్పుకుపోతున్నారు, చిన్నపిల్లలా. నా నోరు పెగల్లేదు. అందుకే మీరెప్పుడు బయల్దేరతారో కనుక్కుని వెనకే వచ్చాను. సెడ్యూనా నుంచి ఇక్కడి దాకా ఎదురొచ్చే ప్రతి లారీకీ నా బండిలోని టూ-వే రేడియోలో చెబుతూ వచ్చాను. ఆ పాత వ్యానుకి దూరంగా జరగండి బాబూ అని.” చేపను నీళ్ళ బకెట్లో వేశాడు. “కోపముంటే తిట్టండి. చెప్పకపోవడం నాదే తప్పు.”

తిట్టలేదు. వెనుదిరిగి మా వ్యాను వైపు నడిచాను.

తిరిగొస్తుంటే ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. హోటల్లో మెనూ నాచేత చదివించడం. టీ కప్పు అంచు దాటి పొయ్యడం. మ్యాపు ఎప్పుడూ నా ఒళ్ళోకే రావడం. ఇవన్నీ ముసలితనం వాటాలో వేసి ఊరుకున్నాను. వ్యానెక్కి బెవన్ మందు డబ్బా తీశాను. ఆవుల పొదుగులకి రాసే మందు అది. పాడి చేసేవాళ్ళం పగిలిన చేతులకీ అదే రాసుకుంటాం. ఏళ్ళ తరబడి డబ్బా ఇద్దరిదీ. ఈ ప్రయాణంలో మాత్రం తనదంటూ దిండు కింద పెట్టుకున్నాడు. మూత తీసి వేలు ముంచాను. గట్టిగా తగిలింది. రోటర్. దాని కింద చుట్టచుట్టిన వైరు. అడుగున ఫ్యూజు.

అయినా ఒకటి మిగిలింది. ఇంటికి పోవాలనే బెంగతో తీశాడా, లేక క్లారీ చెప్పిందే నిజమా? పదిన్నరయింది. అరగంటలో డార్సీ వస్తాడు. నేను బెవన్ పక్క సీట్లో కూర్చోవాలో వద్దో అప్పటికి తేలాలి.

బెవన్ కుర్చీలో సముద్రం వైపు తిరిగి టీ తాగుతున్నాడు. నేను చుట్టూ తిరిగి వెళ్ళి, ఇరవై అడుగుల దూరంలో అతనికి ఎదురుగా ఇసకలో నిలబడ్డాను. ఎండ నా మొహం మీదే ఉంది. బెవన్ తలెత్తి తిన్నగా నావైపు చూశాడు. నేను చూపుడువేలు ఎత్తాను.

అతని చెయ్యి కప్పు మీదే ఉంది. “ఏం గురూ,” అన్నాడు. “చేపలు పడ్డాయా?”

నలభై ఆరేళ్ళు నాతో కాపురం చేసినవాడు నన్ను క్లారీ అనుకున్నాడు.

నడిచి వెళ్ళి మందు డబ్బా అతని ఒళ్ళో పెట్టాను. వేళ్ళతో తడిమి, మూత తెరిచి ఉందని తెలుసుకున్నాడు. వచ్చింది ఎవరో కూడా తెలుసుకున్నాడు. కప్పు ఇసకలో దించాడు.

“నువ్వా గ్లెన్,” అన్నాడు. “మూడూ నేనే తీశాను. క్లారీని ఏమీ అనకు, పాపం. నా రెండు కళ్ళలోనూ నడిమధ్య ఒక మచ్చ ఉంది. పోయిన చలికాలం నుంచి. చుట్టుపక్కలంతా కనిపిస్తుంది, దేన్ని తిన్నగా చూస్తే అదే పోతుంది. ఆవుల్ని నడక బట్టి గుర్తుపట్టేవాణ్ణి, ఎవరికీ తెలియలేదు. రోడ్డు అంచు కనిపిస్తుంది కదా, అది పట్టుకుని పోతే చాలనుకున్నాను. కాఫిన్ బే దారిలో హారను వినిపించింది. ఎటు తిప్పాలో తెలియక ఎటో తిప్పాను. నీతో కంగారూ అన్నాను. ఎలిస్టన్‌లో దిగాక, నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ తాళం తిప్పడానికి చెయ్యి రాలేదు. చెబుదామంటే నువ్వు ఆల్బనీ దాకా పెన్సిలుతో గీతలు గీస్తున్నావు. ఫ్యూజు పీకేశాను. టో వాళ్ళకి కళ్ళు బాగుంటాయి కదా, అలా ఊరూరూ మోయించుకుంటూ నిన్ను చేర్చేద్దామనుకున్నాను. వెధవ ఆలోచన, నాకు తెలుసు. సెడ్యూనాలో డార్సీ నీ ముందే స్టార్ట్ చేసి చూపించాడు, తీసే సందు దొరకలేదు. అందుకని నడిపాను. అంత దూరం, పక్కన నువ్వుండగా, ఏమీ కనబడకుండా నడిపాను. దానికి నా దగ్గర సాకు లేదు. ఇప్పుడు నువ్వు నన్నెలా చూస్తున్నావో కూడా నాకు తెలియదు గ్లెన్. నీ టోపీ కనిపిస్తోంది. నీ చెప్పులు కనిపిస్తున్నాయి. నీ మొహం చూసి ఎనిమిది నెలలైంది.”