తంగేడు చెవులు

సదయ్య నోట్లోంచి ఒక నిజం రావాలంటే ముందు నాలుగు అబద్ధాలు వచ్చి దారి ఊడ్చిపోవాలి. గోదావరిఖనిలో అతని కాలనీ వాళ్లంతా అనే మాట ఇది. బొగ్గుబాయిలో పనిచేసినన్నాళ్లు పక్కవాడి సద్ది గిన్నెలో బొగ్గుపెళ్ల పెట్టి మూత బిగించేవాడు. డ్యూటీ దిగిపోయాడు గానీ ఆ బుద్ధి మాత్రం దిగలేదు. అలాంటివాడు ఊరందరినీ బురిడీ కొట్టించినా వదిన సమ్మవ్వను మాత్రం ఒక్క విషయంలో కొట్టించలేకపోయాడు. పువ్వుల విషయంలో.

సమ్మవ్వ కోడలిగా అడుగుపెట్టేనాటికి సదయ్య చొక్కా చేతికి ముక్కు తుడుచుకునే పిల్లగాడు. తల్లిలేని వాడికి తల దువ్వి, అన్నం కలిపిపెట్టి, అవసరమైనప్పుడు వీపు మోగించి పెంచింది ఆవిడే. బతుకమ్మకు పువ్వులు తెచ్చే పని అప్పటినుంచీ అతనిది. అన్న ఉన్నప్పుడూ అతనే, అన్న పోయాకా అతనే. తేవడానికీ ఒక పద్ధతి ఉంది. ముందు దొంగ పువ్వు చేతిలో పెట్టాలి. ఆమె పట్టుకోవాలి, తిట్టాలి. తిట్టు తిన్నాకే అసలు సంచి విప్పాలి.

ఒక ఏడు గునుగు కట్టలో ఉత్తరేణి కంకులు కలిపాడు. సమ్మవ్వ చెయ్యి పెట్టగానే తీసేసింది. "గునుగు కుచ్చు పట్టులెక్క మెత్తగుంటది. ఇదేమో కోకను పట్టుకుంటే ఇడువది, అచ్చం నీ లెక్క" అంది. ఇంకో ఏడు రోడ్డు పక్కన వరసగా నాటిన సీమతంగేడు చెట్టు కొమ్మ విరిచి తెచ్చాడు. అదే పసుపు, అదే గుత్తి. సమ్మవ్వ పువ్వు వంక చూడనే లేదు. ఆకు మొదలు తడిమి కొమ్మతోనే అతని నెత్తిమీద ఒకటిచ్చింది.

"తంగేడుకు చెవులుంటయిర, సదిగా! ఆకుకాడ మొదట్ల, కొమ్మను పట్టుకొని, గుండ్రంగ. దీనికేవిరా చెవులు? ఇది మొండిది. జెప్పిన మాట ఇనదు, నీ అసుంటిది."

తర్వాత షుగరు ఆమె కళ్లు తీసుకుపోయింది. అయినా ఆట ఆగలేదు. వేళ్లకే కళ్లున్నట్టు తడిమి, నలిపి, వాసన చూసి, ప్రతిసారీ పట్టుకునేది. పట్టుకున్న ప్రతిసారీ సదయ్యకు లోపల దీపం వెలిగించినట్టుండేది. ఓడిపోవడం కోసమే ఆడే ఆట మరి.

ఈ ఏడు ఆమె మంచం దిగడం లేదు. కాళ్లు వాచాయి. మొన్న దవాఖానలో డాక్టరు సదయ్యను బయటికి పిలిచి, "ఇగ ఆమెకు ఏది ఇష్టమైతే అది పెట్టుండ్రి" అన్నాడు. ఆ మాటకు అర్థం అడగాల్సిన పనిలేకపోయింది. సమ్మవ్వ అడిగింది ఒక్కటే. "మన ఊరి తంగేడు దేరా. ఈ బజార్ల కొన్నయి నాకొద్దు. మన మేడిగుంటది గావాలె."

మేడిగుంట ఎక్కడుంది? ఓపెన్‌కాస్టు బొగ్గుగని తవ్వకంలో పోయింది. ఇళ్లున్న చోట లోయ, చేన్లున్న చోట తవ్విపోసిన మట్టి గుట్ట. సదయ్య పొద్దున్నే సంచి పట్టుకుని ఆ గుట్ట వెనక్కి నడిచాడు. గుట్టమీద అంతా నాటిన చెట్లే. వాటి కింద వయ్యారిభామ మోకాలెత్తు పెరిగింది. చిన్నప్పుడు ఈ దారిలో పరికి ముళ్లు గీరేవి, బలుసు పండ్లు నోరు నింపేవి, కలివె పొదలో కుందేళ్లు దూరేవి. ఇప్పుడు పేరు పెట్టి పిలవడానికి ఒక్క పొద పలకలేదు. పలకరించినట్టు తగిలింది పల్లేరుకాయ ఒక్కటే. అదీ చెప్పు కింద.

ఊరి పొలిమేర పోచమ్మ గద్దె ఉండిన చోట చిన్న మిట్ట మిగిలింది. దాని అంచున రాళ్ల మధ్య ఒక్క తంగేడు పొద. దుమ్ము పట్టి బూడిద రంగులో ఉంది. సదయ్య మోకాళ్లమీద కూర్చుని ఆకు తుడిచాడు. చెవులున్నాయి. దూరంగా బ్లాస్టింగు సైరన్ మోగింది. నేల ఒక్కసారి ఉలిక్కిపడింది, పొద మీది దుమ్ము కొంచెం రాలింది. "బతికే ఉన్నవానే" అన్నాడు దానితో. పూసిన గుత్తులు మాత్రమే ఆకుతో సహా కోశాడు, కొమ్మ విరవలేదు. చుట్టుపక్కల దొరికిన గునుగు, కట్లపువ్వు, తుమ్మిపూలు ఏరుకున్నాడు.

తిరిగి వస్తూ రోడ్డు పక్క సీమతంగేడు చూశాడు. చెయ్యి దానంతటదే లేచి కొమ్మ విరిచింది. ఆనవాయితీ తప్పుతుందా?

ఇంట్లో సమ్మవ్వ గోడకానుకొని కూర్చుని ఉంది. కోడలు జమున తాంబాలంలో గుమ్మడాకులు పరుస్తోంది.

"అచ్చినవారా? గింత సేపేంది? అడివిల పండుకున్నవా?"

"పులి ఎదురైంది వదినా. నీ పేరు జెప్పిన, పారిపోయింది."

"థూ నీ నోట్లె! ఇటు దే."

సదయ్య అసలు సంచిని తలుపు వెనక పెట్టి, సీమతంగేడు కొమ్మ ఆమె చేతిలో ఉంచాడు. తిట్టు కోసం తల కొంచెం ముందుకు వంచి నిలబడ్డాడు కూడా.

సమ్మవ్వ వేళ్లు కొమ్మమీద నడిచాయి. ఆకు మొదట్లో, బోసిగా ఉన్న కణుపుమీద, బొటనవేలు ఆగింది. అటూ ఇటూ రుద్దింది. ఆమె మొహం విచ్చుకుంది.

"ఇగో చెవులు. ఇదేరా. మన మేడిగుంటదే." ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. "గదే వాసన."

సదయ్య వంచిన తల ఎత్తలేదు. జమున చూసింది. "చిన్నమామా, గది..." అనబోయింది. అతను రెండు చేతులూ జోడించాడు. జమున గుమ్మడాకుల వైపు తిరిగిపోయింది.

వేళ్లు చచ్చిపోయాయి. కళ్లు పోయినప్పుడు చెప్పి పోయాయి. వేళ్లు చెప్పకుండా పోయాయి. ఆమెకు ఇంకా తెలియదు. తెలియకపోతే ఏం పోయింది, దొంగ పువ్వుతోనే పండగ గడిచిపోనీ అనుకున్నాడు. తలుపు వెనక సంచి అలాగే ఉండిపోనీ.

కొమ్మ ఒళ్లో పెట్టుకున్న సమ్మవ్వ మొహం మెల్లగా మారింది.

"సదిగా."

"ఆఁ వదినా."

"ఈసారి నన్ను మోసం జెయ్యలేదేందిరా?"

సదయ్య తలుపు వైపు చూశాడు.

"ఎన్నడన్న మొదటిపారే అసలుది ఇచ్చినవా? ఎవ్వల జూసి జాలిపడ్డవ్? డాక్టరేమన్నడు?"

సదయ్య జన్మంతా అబద్ధాల మీద నడిచినవాడు. ఇప్పుడొకటి కావాలంటే దొరకలేదు. రెండు నిజాలున్నాయి, డాక్టరు మాట ఒకటి, ఆమె వేళ్ల సంగతి ఒకటి. ఒకటి దాచాలంటే రెండోది ఇచ్చుకోవాలి. చిన్నదేదో తూచుకునే తీరిక లేదు.

"జాలేంది, పాడేంది! మోసం జేసిన వదినా. నీ చేతిలది సీమతంగేడు. రోడ్డు పొంటిది. అసలుది తలుపెనుక ఉన్నది."

సంచి తెచ్చి దుమ్ము తుడిచిన గుత్తి ఆమె రెండో చేతిలో పెట్టాడు. సమ్మవ్వ ఒక చేతిలోది తడిమింది, మరో చేతిలోది తడిమింది. మళ్లీ మొదటిది. బొటనవేలు తంగేడు చెవిమీదుగా పోయింది, ఆగకుండా పోయింది.

"రెండొక్కతీరే ఉన్నయిరా" అంది. "కాయిదం లెక్క."

సదయ్య నేలమీద కూర్చుని ముక్కు చీదుకున్నాడు.

"ఏడువకు. ముక్కు చీదితె ఇనవడుతది. చెవులింక మంచిగనే ఉన్నయి." రెండింటినీ అతని వైపు చాపింది. "డాక్టరు ఏమన్నడో ఇగ జెప్పకు, నాకెరుకైంది. నువ్వొక్కొక్క పువ్వు పేరు జెప్పి నా చేతుల వెట్టు. బతుకమ్మను పేరుస్త."

జమున తాంబాలం ఆమె ముందుకు జరిపింది. సదయ్య సంచిలోంచి ఒక కట్ట తీసి, కాడల కొసలు కత్తిరించాడు.

"ఇది గునుగు."

"నిజమేనా?"

"నిజమే వదినా."

ఆమె దాన్ని ఆకులమీద పెట్టింది. వరస వంకర పోయింది. జమున ఏమీ అనకుండా సర్దింది.

"ఇది కట్లపువ్వు."

"నిజమేనారా?"

"నిజమే."

"ఇది తంగేడు. మన మేడిగుంటది. పోచమ్మ గద్దెకాడిది."

సమ్మవ్వ ఈసారి అడగలేదు. తడమనూ లేదు, వాసనా చూడలేదు. అతను చెప్పింది చెప్పినట్టు నమ్మి వరసలో పెట్టేసింది. ఒక్క తిట్టు, ఒక్కటంటే ఒక్క తిట్టు వస్తుందేమోనని సదయ్య తల వంచుకుని చూశాడు.

ఆమె తర్వాతి పువ్వు కోసం చెయ్యి చాపింది.