అటక మీద వాన

“బంగాళాదుంపల మీద మూత ఏదీ?” దొంగను పట్టుకున్న పోలీసులా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు గ్విలిమ్.

“చేతిలో ఉంది. ఉడికాయో లేదో చూడొద్దా?” అంది భార్య ఐర్లిస్.

“నువ్విక్కడ చూస్తుంటే అక్కడ నా అటక మీద వాన పడుతోంది!”

ఆ మాట మాత్రం నిజం. చలి ముదిరాక, పైకప్పు మేకుల కొనలన్నిటికీ నీటిబొట్లు వేలాడుతున్నాయి. వేల్సు లోయలో బయట ఎలాగూ వానే. అది ఇంట్లోకీ రావడం గ్విలిమ్‌కు అవమానంగా తోచింది. రిటైరయ్యాక అటకే అతని రాజ్యం. అక్కడ బల్ల నిండా బొమ్మరైలు, పట్టాలు, అగ్గిపెట్టెంత స్టేషను, అందులో గోరంత బొమ్మ ప్రయాణికులు. ప్రయాణికులకు చలి తగలకూడదని చూరు కింద సందులన్నీ పాత దుప్పట్లతో కుక్కి, కిరోసిన్ హీటరు వెలిగించాడు. ఆపైన తేమకు కారణం వెతుకుతూ కిందికి దిగి, భార్యను కనిపెట్టాడు.

ముందు ఇంట్లో బట్టలారేయడం నిషేధం. తర్వాత తొట్టిస్నానం. ఇప్పుడు మూత. ఐర్లిస్ తడిబట్టలు లాండ్రీకి మోసింది, కాకిస్నానాలు చేసింది. అటక మాత్రం ఆమె త్యాగాలను లెక్కచేయలేదు.

“ఊపిరీ ఆవిరేగా. అదెప్పట్నించి మానమంటావ్?”

“వెటకారం వద్దు!”

అటక మీద ఆమెదంటూ ఉన్నది ఒకే అట్టపెట్టె. అందులో అమ్మమ్మ నాటి ఉన్ని శాలువా. ఆ ఇంటి పిల్లలందరూ బాప్తిస్మానికి అందులోనే వెళ్లారు. ఇంకో వారంలో కూతురు నెరిస్ బిడ్డ వంతు.

శనివారం గ్విలిమ్ పేపరు కోసం వెళ్లగానే, మోకాళ్లను తిట్టుకుంటూ నిచ్చెనెక్కింది. పెట్టె అడుగు నానిన అప్పడంలా చేతికొచ్చింది. శాలువా అంచున బూజు మచ్చలు.

పక్కనే హీటరు, యజమాని లేకపోయినా, ప్రయాణికుల సేవలో మండుతూనే ఉంది. చూరు పక్కన పడున్న డబ్బా మూత మంచులా చల్లగా ఉంది. దాన్ని హీటరుకు పైన పట్టింది. క్షణంలో దానికి చెమట పట్టింది. కాలేజీలో చదివిన రసాయనశాస్త్రం ఇన్నేళ్లకు అక్కరకొచ్చింది. ముందు హీటరు ఆర్పి, తర్వాత ఒక్కో దుప్పటీ పీకింది. చల్లగాలి రివ్వున దూసుకొచ్చింది.

ఆదివారం భోజనాల దగ్గర, మనవరాలి రాకతో అటకెక్కే తీరిక చిక్కని గ్విలిమ్ గొంతు సవరించుకున్నాడు. “ఇకనించి ఈ ఇంట్లో ఉడకబెట్టడాలు తగ్గాలి.”

“పచ్చివే నమలాలా నాన్నా?” అంది నెరిస్, బిడ్డను జోకొడుతూ.

“మీ నాన్న హీటరే నీళ్లు కక్కుతోందే,” అంది ఐర్లిస్. “కిరోసిన్ మండితే ఆవిరొస్తుంది. అది పోయే దారులన్నీ ఆయనే మూశారు.”

“మరి స్టేషన్లో చలి...”

“నీ ప్రయాణికులకు ఒంటిమీద కోట్లున్నాయిగా, రంగేసింది నువ్వేగా! విను. చూరు సందులు తెరిచే ఉంటాయి. హీటరు షెడ్డుకి పోయింది. మచ్చలు పోయేదాకా శాలువా ఉతికాను. అది ముందుగదిలో ఆరుతోంది, తలుపేసి, కిటికీ కాస్త తీసి. వచ్చే ఆదివారం పాప అందులోనే చాపెల్‌కి వెళ్తుంది. సరేనా స్టేషన్‌మాస్టర్‌గారూ? అయితే ఆ బంగాళాదుంపల మీద మూత తియ్యి.”